పదకొండో నంబరు పరికరం

వంతల గాసన్న అరవై ఎనిమిదేళ్లు మనిషిగానే బతికాడు. అరవై తొమ్మిదో ఏట, ఆషాఢం మొదట్లో యంత్రమయ్యాడు. అందుకు ఆయన చేసిన నేరమేమీ లేదు. అడిగినదానికి జవాబు చెప్పాడు, అంతే.

తుమ్మెదలోవ ముప్పై రెండు గడపల కొండ ఊరు. ఊరి పక్కనుంచే ఎర్రగెడ్డ అనే కొండవాగు దిగిపోతుంది. ఎండాకాలంలో దాన్ని మేకపిల్ల కూడా దాటేస్తుంది. వానాకాలంలో మాత్రం దాన్ని నమ్మడానికి లేదు. పైన ఎక్కడో కొండ జారి గెడ్డకి అడ్డం పడుతుంది. నీరు వెనక్కి ఎక్కుతుంది. ఎక్కీ ఎక్కీ ఒక్కసారిగా తెంచుకుంటుంది. అప్పుడు వచ్చేది నీరు కాదు. బురద, బండలు, వేళ్ళతో సహా చెట్లు, ఇంటి ఎత్తున వస్తాయి.

అందుకని ఆ ఊళ్ళో తాతల నాటి ఏర్పాటు ఒకటుంది. వాన పట్టిన రోజు నుంచి వదిలే రోజు దాకా వంతల వారింటి మగవాడొకడు గెడ్డ ఒడ్డున పాక వేసుకుని కూర్చుంటాడు. గెడ్డకాపు అంటారు. ఆ నాలుగు నెలలూ ఊళ్ళో అడుగు పెట్టడు. కూడూ నీళ్ళూ అక్కడికే వస్తాయి. అతని పని వినడం. జోరువానలో గెడ్డ హోరు పెడుతున్నంతసేపూ భయం లేదు. వాన కురుస్తూనే ఉండి గెడ్డ నోరు మూసిందంటే పైన అడ్డు పడినట్టే. అప్పుడు అతను తుడుం అనే పెద్ద డప్పు కొడతాడు. పిల్లాజెల్లా, మేకా కోడీ, ఉన్నపళంగా అందరూ ఊరి పైనున్న మెట్ట ఎక్కేస్తారు.

గాసన్న ఈ పని ముప్పై ఒక్క వానాకాలాలు చేశాడు. నాలుగుసార్లు తుడుం కొట్టాడు. మూడుసార్లు బురద వచ్చింది. ఇళ్ళు పోయాయి, మనుషులు పోలేదు. నాలుగోసారి బురద రాలేదు. ఆ సంగతి బావమరిది సుక్రు ఈనాటికీ మరచిపోనివ్వడు. వినీ వినీ గాసన్నకి మాట్లాడే అలవాటు తప్పిపోయింది. రోజుకి పది మాటలు అయితే ఎక్కువ.

ఇలా ఉండగా కొండప్రాంత ముప్పు నివారణ సంస్థ అని ఒకటి పుట్టింది. పుట్టగానే అది ఒక నిబంధన పెట్టింది. ముప్పు ఉన్న ప్రతి ఊరికీ ఒక హెచ్చరిక పరికరం ఉండాలి. పరికరం లేని ఊరిని ఖాళీ చేయించి మైదానంలో రేకుల కాలనీకి తరలించాలి. పట్టికలో ఊళ్ళు పదకొండు. పట్నం నుంచి వచ్చిన పరికరాలు పది. పదకొండో ఊరు తుమ్మెదలోవ.

సంస్థ డిప్యూటీ డైరెక్టర్ పరాంకుశం గారు తరలింపు కాగితాలు పట్టుకునే వచ్చారు. వెంట సాంకేతిక సహాయకురాలు నీలవేణి ఉంది. ఆ అమ్మాయిది కొండ కిందే ఊరు, అందుకని కొండవాళ్ళ మాట ఆయనకీ, ఆయన మాట కొండవాళ్ళకీ చెప్పే పని కూడా ఆమె మీదే పడింది. గెడ్డ ఒడ్డున గాసన్న కనబడ్డాడు.

"ఈ సముదాయం బురద ప్రవాహ విపత్తును ఏ విధానం ద్వారా ముందస్తుగా గుర్తించుచున్నది?" అని అడిగారు పరాంకుశం గారు.

గాసన్న నీలవేణి వైపు చూశాడు.

"బురద వస్తుందని మీకెలా తెలుస్తుంది తాతా?" అంది ఆమె.

"గెడ్డ నోరు మూత్తాది," అన్నాడు గాసన్న.

పరాంకుశం గారు అలాగే నిలబడిపోయారు. ఆ నెలలో సంస్థకి సంప్రదాయ విజ్ఞానం మీద మోజు పుట్టి ఉంది. రెండు సదస్సులు జరిగాయి. రెండింట్లోనూ పెద్దలందరికీ వానకి పెట్టుకునే ఆకుల గిడుగులు తొడిగి ఫొటోలు తీశారు. మూడో సదస్సుకి చూపించడానికి ఏమీ లేక పరాంకుశం గారు వారం రోజులుగా మథనపడుతున్నారు.

"నీలవేణీ, ఇతను వింటాడు. నిర్ణయిస్తాడు. శబ్దం చేస్తాడు. దీన్ని ఏమంటారు?"

"మనిషంటారు సార్."

"పరికరమంటారు! పదకొండో పరికరం ఎప్పుడో బిగించే ఉంది, మనమే చూడలేదు. రాయండి."

నీలవేణి దరఖాస్తు తీసింది. అది యంత్రాల కోసం అచ్చువేసిన దరఖాస్తు. మరో రకం దరఖాస్తు సంస్థలో లేదు. తయారీదారు పేరు అన్నచోట గాసన్న తండ్రి బుద్రన్న పేరు రాశారు. తయారైన సంవత్సరం గాసన్నకి తెలియదు, పెద్ద గాలివాన వచ్చిన ఏడని చెప్పాడు, అదే రాశారు. శక్తి వనరు అన్నచోట చోడి అంబలి, రెండు పూటలు. శక్తి సరఫరాదారు అన్నచోట భార్య కాసులమ్మ.

"వారంటీ ఎంతకాలం?" అన్నారు పరాంకుశం గారు.

నీలవేణి ఎలా అడగాలో తెలియక, "ఇంకా ఎన్నేళ్ళు పనిచేస్తావు తాతా?" అంది.

గాసన్న ఆకాశం వైపు వేలు చూపించాడు.

"పై అధికారుల పరిశీలనలో ఉంది అని రాయండి," అన్నారు పరాంకుశం గారు.

గాసన్న ఆ సాయంత్రమే కాదని ఉండొచ్చు. కాదంటే ఊరు కాలనీకి పోవాలి. కిందటేడు అలా పోయిన పక్క ఊరివాళ్ళని ఆయన సంతలో చూశాడు. పసుపు పండించిన మనుషులు పసుపు కొనుక్కుంటున్నారు. గాసన్న వేలిముద్ర వేశాడు.

మరునాడు ఆయన మెడలో ఇనప రేకు కట్టారు. దాని మీద పదకొండు అంకె, కింద "ప్రభుత్వ ఆస్తి" అని. పాక చుట్టూ సున్నంతో గుండ్రంగా గీత గీసి, అక్షాంశ రేఖాంశాలు రాసుకుని, బోర్డు పాతారు. పరికరాన్ని నిలబెట్టిన చోటి నుంచి కదల్చరాదు. కదిలిస్తే ఆ ఊరికి పరికరం లేనట్టే లెక్క. లేనట్టయితే తరలింపు.

అంబలి కుండతో వచ్చిన కాసులమ్మ గీత దగ్గర ఆగిపోయింది.

"ఓలమ్మ, ఈ ముగ్గేటి?"

"దాటొద్దట," అన్నాడు గాసన్న.

"నువ్వా, నేనా?"

"నేను."

"మెడల ఆ రేకేటి? సంతకి తోలుకుపోయే దూడకి కట్టినట్టు!"

నీలవేణి తలవంచుకుని ఒక పుస్తకం ఆమె ముందు పెట్టింది. శక్తి సరఫరా ఏ పూట ఎన్నింటికి జరిగిందో అందులో రోజూ వేలిముద్ర వేయాలి.

"నలబై ఏళ్ళకాడ నుంచి ఈ ముసిలోడికి కూడెడుతున్నాను. ఏ పొద్దూ వేలిముద్ర అడగనేదమ్మా ఈడు," అంది కాసులమ్మ. వేసింది మాత్రం.

తర్వాత తుడుం వంతు వచ్చింది. పరాంకుశం గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పరికరం నేరుగా ప్రజలకు శబ్దం వినిపించడం ఏమిటి? ధ్రువీకరణ లేని శబ్దం వల్ల ప్రజల్లో భయాందోళనలు చెలరేగును. పరికరం రీడింగును ప్రధాన కార్యాలయానికి మాత్రమే తెలియజేయాలి. అక్కడ మూడు విభాగాలు ధ్రువీకరించిన పిమ్మట, కార్యాలయమే గ్రామస్థుల ఫోన్లకు సందేశం పంపును."

తుడుంని గుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి, జీపులో పెట్టించి పట్టుకుపోయారు. దానికి బదులు గాసన్నకి ఒక ఫోను ఇచ్చారు.

"సార్, ఇక్కడ సిగ్నల్ లేదు," అంది నీలవేణి. "మెట్ట మీదే వస్తుంది."

"అయితే?"

"తాత గీత దాటి మెట్ట ఎక్కితే గానీ ఫోను చేయలేడు."

పరాంకుశం గారు ఆలోచించారు. "పరికరాన్ని సిగ్నల్ దగ్గరికి తీసుకెళ్ళడం నిబంధనలకు విరుద్ధం. సిగ్నల్‌నే పరికరం దగ్గరికి తీసుకురావడానికి ప్రతిపాదన పంపండి."

ప్రతిపాదన వెళ్ళింది. వానలూ ముదిరాయి.

శ్రావణం మొదట్లో ఇద్దరు మనుషులు ఒక స్పీకరు పెట్టె మోసుకొచ్చారు. పరికరం సరిగా పనిచేస్తోందో లేదో పరీక్షించాలట. ఏదో వేరే కొండ మీది గెడ్డ హోరుని పెట్టెలో పట్టి తెచ్చారు. గాసన్నకి మూరెడు దూరంలో పెట్టె పెట్టి, హోరు వినిపించి, టక్కున ఆపేశారు. గాసన్న కదలలేదు. మళ్ళీ వినిపించారు, మళ్ళీ ఆపారు. గాసన్న పొగాకు చుట్ట చుట్టుకుంటున్నాడు.

"శబ్దం ఆగింది. పరికరం స్పందించలేదు," అని ఒకడు చెబుతుంటే ఇంకొకడు రాసుకున్నాడు.

గీతకి ఇవతల గొంతుకూర్చుని ఉన్న సుక్రు నవ్వు ఆపుకోలేకపోయాడు. "బాబూ, మా బావ పెట్టి మాట ఇంటాడేటి? మా అప్ప కాసులమ్మ మాటే ఇనడు!"

"గెడ్డ మోగుతోంది," అన్నాడు గాసన్న, గెడ్డ వైపు చూపించి. నిజంగానే అది పెట్టె కంటే గట్టిగా మోగుతోంది.

వాళ్ళు గాసన్న చెవుల్లో దీపం వేసి చూశారు. ఎడమ చెవి మందం అని తేలింది. ఎడమ చెవి మార్చవలెనని రాశారు. కింద మరో వాక్యం రాశారు. విడిభాగాలు బజారులో దొరకనందున, పరికరాన్ని యథాతథంగా కొనసాగించవచ్చును.

ఈ లోగా మూడో సదస్సులో పరాంకుశం గారి ప్రసంగం బ్రహ్మాండంగా పేలింది. ప్రాణమున్న పరికరాన్ని కళ్ళారా చూడాలని పై నుంచి ఒక పరిశీలకుడు బయలుదేరాడు. ఆయన వస్తున్నాడంటే ఊరు ఊరంతా కనబడాలి కదా. గెడ్డ ఒడ్డునే, గీత పక్కనే షామియానా వేశారు. మైకు పెట్టారు. ముప్పై రెండు గడపల వాళ్ళనీ, బాలింతల్ని కూడా వదలకుండా తెచ్చి వరసగా కూర్చోబెట్టారు. చేతికొక అట్ట ఇచ్చారు. కాసులమ్మ చేతిలో అట్ట మీద "నా ఊరు క్షేమం" అని ఉంది. ఆమెకి చదువు రాదు. తలకిందులుగా పట్టుకుంది. ఎవరూ సరిచేయలేదు.

అప్పటికి మూడు రోజుల నుంచి తెరపి లేని వాన. "ఈ వానలో గెడ్డ పక్కన సభ వద్దు సార్, మెట్ట మీద పెడదాం," అంది నీలవేణి.

"మెట్ట మీద పరికరం లేదు కదమ్మా," అన్నారు పరాంకుశం గారు ఎంతో ఓర్పుగా. "పరికరం ఉన్నచోటే కదా క్షేమం."

పదకొండున్నరకి ఆయన మైకు అందుకున్నారు. వాన గుడ్డ మీద దబదబ కొడుతోంది, పక్కన గెడ్డ హోరెత్తుతోంది, ఆయన గొంతు చించుకుంటున్నారు. ఎవరికీ ఒక్క ముక్క వినబడటం లేదు. గాసన్న గీతలో కూర్చుని ఉన్నాడు. కుడి చెవి కొండ వైపు పెట్టి ఉన్నాడు.

ఉన్నట్టుండి పరాంకుశం గారి మాటలు స్పష్టంగా వినిపించసాగాయి.

"...సంప్రదాయ విజ్ఞానాన్ని వ్యవస్థీకరించి, వ్యవస్థను విజ్ఞానవంతం చేసి..."

పరిశీలకుడు సంతోషంగా తల ఊపాడు. "ఇప్పుడు బాగా వినబడుతోంది. గెడ్డ కూడా సహకరిస్తోంది."

గాసన్న లేచి నిలబడ్డాడు. "అమ్మా," అని నీలవేణిని పిలిచాడు. "గెడ్డ నోరు మూసింది."

నీలవేణి వంగి చూసింది. బారెడు లోతు పారుతున్న గెడ్డ రాళ్ళు తేలి కనబడుతోంది. పరిగెత్తి పరాంకుశం గారి చెవిలో చెప్పింది. ఆయన మైకు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"తనిఖీ జరుగుచున్న సమయంలో పరికరం ఇచ్చిన రీడింగు చెల్లదు. ఆ మాత్రం తెలియదా?"

"సార్, నీళ్ళు చూడండి!"

"నీళ్ళు చూడటానికి కాదు మనకి జీతాలిస్తున్నది. రీడింగు వస్తే కార్యాలయానికి ఫోను చేయించండి."

"సిగ్నల్ లేదు సార్!"

"ప్రతిపాదన పంపాం కదా!"

గాసన్న ఇంకోసారి చెప్పాడు. ఈసారి కొంచెం గట్టిగా చెప్పాడు. ముప్పై ఒక్కేళ్ళు వాడని గొంతు. వానలో అది మొదటి వరస దాకా కూడా పోలేదు. తుడుం ఎక్కడో బీరువాలో ఉంది.

ఆయన కిందికి చూశాడు. సున్నం గీత వానకి చాలా వరకు కరిగిపోయింది, అయినా ఆయనకి కనబడుతూనే ఉంది. అది దాటితే ఊరు కాలనీకి పోతుంది. పొలాలు, పసుపు మడులు, పనసచెట్లు అన్నీ వదిలి రేకుల కింద కూర్చుంటుంది. దాటకపోతే ఎక్కడికీ పోదు. ఇక్కడే ఉంటుంది, నిలువులోతు బురద కింద. రెండో వరసలో కాసులమ్మ అట్ట పట్టుకుని వాన నీళ్ళు తుడుచుకుంటోంది.

గాసన్న గీత దాటాడు.

పరిగెత్తలేదు. అరవలేదు. షామియానా నడిమి నుంచి, మైకు ముందునుంచి, పరిశీలకుడి కాళ్ళ పక్కనుంచి మామూలుగా నడుచుకుంటూ మెట్ట దారి పట్టాడు. పరాంకుశం గారు మాట మధ్యలో ఆగిపోయారు.

కాసులమ్మ చూసింది. పెళ్ళయిన కూతురు పోయిన నాడు కూడా వానలో ఈ మనిషి గెడ్డ ఒడ్డు వదల్లేదు. ఆమె చేతిలోంచి అట్ట జారిపోయింది.

"లెగండే! లెగండి! మా ముసిలోడు కదిలినాడు!"

ఆ మాటకి అర్థం ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. అట్టలు బురదలో పడ్డాయి. పిల్లలు చంకలకెక్కారు. సుక్రు నడవలేని ఒక ముసలమ్మని వీపున వేసుకున్నాడు, నీలవేణి ఒక బాలింత బిడ్డని అందుకుంది. రెండు నిమిషాల్లో షామియానా కింద కుర్చీలూ అధికారులే మిగిలారు.

"పరికరం!" అని మైకులో కేక పెట్టారు పరాంకుశం గారు. "పరికరాన్ని ఆపండి! ప్రభుత్వ ఆస్తి వెళ్ళిపోవుచున్నది!"

పరిశీలకుడు కూడా ఉలిక్కిపడ్డాడు. తనిఖీ పూర్తికాని పరికరం కళ్ళ ముందునుంచి మాయమైతే సంజాయిషీ ఆయన ఇచ్చుకోవాలి. అంతే, ఇద్దరూ పంచెలూ ప్యాంట్లూ ఎగగట్టి గాసన్న వెంట పడ్డారు. వాళ్ళ వెనక ఇద్దరు డ్రైవర్లు, ఒక ఫొటోగ్రాఫరు. జారుతూ, పాకుతూ, ఆగమని అరుస్తూ మెట్ట ఎక్కారు. ప్రాణం మీదికి వచ్చిందని చెబితే వాళ్ళు అంత తొందరగా ఎక్కేవారు కాదు.

మెట్ట మీద పరాంకుశం గారు గాసన్న మెడలో రేకు దొరకబుచ్చుకున్నారు. ఒగరుస్తున్నారు. "పద! వెనక్కి పద! నిలబెట్టిన చోటికి..."

అప్పుడు కొండ లోపల్నుంచి ఒక మూలుగు లాంటిది వినిపించింది. కాళ్ళ కింద నేల వణికింది. ఎర్రగా, నల్లగా, చెట్లని పుల్లల్లా తిప్పుకుంటూ బురద దిగింది. షామియానా ఒక్క ఊపులో పోయింది. రెండు జీపులు కాసేపు తేలాయి, తర్వాత కనబడలేదు. గెడ్డ వారనున్న తొమ్మిది ఇళ్ళు ఒకదాని వెనక ఒకటి కూర్చుండిపోయాయి.

పరాంకుశం గారి చెయ్యి ఇంకా రేకు మీదే ఉంది.

"నిలబెట్టిన చోటు..." అన్నారాయన నెమ్మదిగా, "నిలబెట్టిన చోటు ఏది?"

"అదిగో బాబూ, ఎలిపోతంది," అన్నాడు సుక్రు.

కాసులమ్మ జనాన్ని లెక్కపెడుతోంది. వేళ్ళు చాలక మళ్ళీ మొదటికి వస్తోంది. మూడోసారికి లెక్క సరిపోయింది. అప్పుడు నేల మీద చతికిలబడి ఏడ్చింది. గాసన్న ఆమె పక్కన నిలబడ్డాడు. నీలవేణి ఫోను టింగుమంది. సిగ్నల్ అందుకుంది. ప్రధాన కార్యాలయం పంపిన సందేశం. తుమ్మెదలోవలో నేడు ముప్పు లేదు, ప్రజలు నిశ్చింతగా ఉండవచ్చును.

పదిహేను రోజుల తర్వాత నీలవేణి ఒక్కతే నడిచి వచ్చింది. ఇళ్ళు పోయినవాళ్ళు మెట్ట మీద అడ్డాకుల పాకలు వేసుకుని ఉన్నారు. ఊరి వాళ్ళంతా ఆమె చుట్టూ చేరారు. కాలనీకి తోలుకుపోవడానికే వచ్చిందని అందరి గుండెల్లోనూ ఉంది. గాసన్న అందరికంటే వెనక నిలబడ్డాడు, తప్పు చేసినవాడిలా.

ఆమె ఉత్తరం విప్పి చదివింది. విపత్తు సమయంలో పదకొండో నంబరు పరికరం నిలబెట్టిన చోట లేదు. దాని నుంచి కార్యాలయానికి రీడింగు ఏదీ అందలేదు. కావున పరికరం విఫలమైనట్టు కమిటీ తీర్మానించినది. మరమ్మతుకు పనికిరానందున దానిని తుక్కు కింద కొట్టివేయడమైనది. అధికారుల ముందుచూపు వలన గ్రామస్థులందరూ సకాలంలో సురక్షిత స్థలానికి చేరినందుకు డిప్యూటీ డైరెక్టర్ గారికి ప్రశంసాపత్రం ఇవ్వడమైనది.

"తుక్కంటే ఏటమ్మా?" అంది కాసులమ్మ.

"పనికిరాని పాత సామానమ్మా."

"ఆ మాట నేను ఎప్పటి నుంచి సెప్తన్నాను! దానికి కమిటీ కావలసొచ్చిందేటి?" అంది కాసులమ్మ. అంటూనే వెళ్ళి మొగుడి మెడలో రేకు తీసి నీలవేణి చేతిలో పెట్టింది.

జనం నవ్వారు. సుక్రు నవ్వలేదు. "మరి ఊరు సంగతి సెప్పమ్మా. పరికరం నేకపోతే కాలనీకి పోవాలన్నారు గదా!"

నీలవేణి రెండో కాగితం తీసింది. చదవడానికి ఆమెకే సిగ్గు వేసినట్టుంది. తుమ్మెదలోవలో రావలసిన ముప్పు వచ్చిపోయినందున, ఇకపై ఆ గ్రామానికి ముప్పు లేదు. ముప్పు గ్రామాల పట్టిక నుంచి దాని పేరు తొలగించడమైనది. తరలింపు రద్దు. పరికరం అవసరం లేదు.

ఒక్కసారిగా గోల పుట్టింది. సుక్రు నీలవేణి కాళ్ళు పట్టుకోబోతే ఆమె వెనక్కి జరిగింది. ఎవరో అల్లం కాఫీ కాచడానికి పొయ్యి రాజేశారు. ఈ సందట్లో చినుకులు మొదలయ్యాయి. కొండ మీద మబ్బు దిగి ఉంది.

గాసన్న గిడుగు నెత్తిన పెట్టుకుని కిందికి బయలుదేరాడు.

నీలవేణి వెనక నుంచి పిలిచింది. "ఎక్కడికి తాతా? ఇంక నువ్వక్కడ కూర్చోనక్కర్లేదు. ఈ ఊరికి ముప్పు లేదని రాసేశారు కదా!"

గాసన్న ఆగాడు. వెనక్కి తిరిగి ఆమె చేతిలో కాగితం కేసి చూశాడు.

"గెడ్డకి సెప్పినారా అమ్మా?" అన్నాడు. జవాబు కోసం కాసేపు నిజంగానే నిలబడ్డాడు. ఆమె కాగితం మడిచేసరికి వానలోకి దిగిపోయాడు.